కొలువా, గుత్తా? – ఫిల్మ్‌నగర్ పనివారి పన్ను చరిత్ర

మన పల్లెల్లో పనిచేసే మనిషికీ, పని చేయించుకునే మనిషికీ నడుమ ఉండే సంబంధాన్ని చెప్పడానికి పూర్వం నుండీ మూడు మాటలున్నాయి: పాలేరుతనం, కూలి, గుత్త. పాలేరు ఏడాది జీతానికి కుదురుకుంటాడు. ఆసామి దున్నమంటే దున్నుతాడు, పశువులను తోలుకెళ్ళమంటే తోలుకెళతాడు. కూలివాడు ఆ పూట పనికి ఆ పూట డబ్బు తీసుకుని ఇంటికి పోతాడు. గుత్తకు తీసుకున్నవాడి సంగతి వేరు. చేను కోసి కుప్ప వేయడానికి మొత్తం ఇంత అని మాట్లాడుకుంటాడు. మనుషులను తానే తెచ్చుకుంటాడు, కొడవళ్ళు తనవే, వాన వచ్చి పని రెండురోజులు సాగితే ఆ నష్టమూ తనదే. ఈ ముగ్గురిలో ఎవరు ఎవరో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. చట్టానికి మాత్రం ఈ సంగతి తేల్చుకోవడానికి వందేళ్ళకు పైగా పట్టింది. నేటికీ పూర్తిగా తేలిందని చెప్పలేము.

ఒక మనిషి చేతికి వచ్చిన డబ్బు జీతమా, లేక అతని స్వంత వృత్తివల్ల వచ్చిన రాబడా అన్నది ఆదాయపు పన్ను అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి. జీతమైతే ఒక లెక్క, వృత్తి రాబడి అయితే మరొక లెక్క. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైన చోట్లలో మన ఫిల్మ్‌నగర్ ఒకటి. జూబ్లీహిల్స్ కొండ మీది స్టూడియోలో ఉదయం ఆరింటికి కెమెరా ముందుకు వచ్చే కథానాయకుడూ, అదే షాటుకు క్లాప్ కొట్టే కుర్రవాడూ, పైన మెట్టు మీద దీపం తిప్పే లైట్‌మనూ ముగ్గురూ ఒకే నిర్మాత ఖాతా నుండి డబ్బు తీసుకుంటారు. ముగ్గురిలో ఎవరిది కొలువు, ఎవరిది గుత్త?

ఈ ప్రశ్నను ఎవరో ఒకరు కూర్చుని విచారించి తేల్చారనుకుంటే పొరపాటు. సినిమావారి విషయంలో చాలావరకు అది ఒక జాబితా వల్ల, ఒక పరిమితి అంకె వల్ల, డబ్బు చెల్లించేవారి సౌకర్యం వల్ల తేలిపోయింది. అది ఎలా జరిగిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

* * *

మొదట మద్రాసు సంగతి. తెలుగు సినిమా వడపళనిలో, కోడంబాకంలో ఉన్న రోజుల్లో పెద్ద నిర్మాణ సంస్థలన్నీ ఒక విధమైన కొలువుకూటాలే. నాగిరెడ్డి – చక్రపాణిగార్ల విజయా సంస్థలో రచయితలూ, సాంకేతికులూ నెలజీతం మీద ఉండేవారు. 'షావుకారు' (1950), 'పాతాళభైరవి' (1951) రోజుల్లో ఎన్.టి.రామారావుగారు విజయావారితో నెలజీతం ఒప్పందం మీద పనిచేశారన్నది సినిమా చరిత్ర చదివినవారందరికీ తెలిసిన విషయమే. వాసన్‌గారి జెమినీలో కథాశాఖకు కూడా జీతాలుండేవి. మన సికింద్రాబాదులో పుట్టి పెరిగిన ప్రసిద్ధ తమిళ రచయిత అశోకమిత్రన్ ఆ సంస్థలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి, ఆ అనుభవాలను తరువాత పుస్తకంగా రాశారు.

అటువంటి చోట మనిషి స్థితి గురించి పెద్ద సందేహం రాదు. రోజూ రావాలి, షూటింగు ఉన్నా లేకపోయినా రావాలి, సంస్థ చెప్పిన చిత్రానికి పనిచేయాలి, నెల తిరిగేసరికి జీతం అందుకోవాలి. అది పాలేరుతనమే, కాకపోతే ఇస్త్రీచొక్కా పాలేరుతనం.

స్టూడియోల జీతాల పద్ధతి 1950ల చివరినుండి క్రమంగా సడలింది. తారల విలువ పెరిగి, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క బేరం మొదలైంది. పరిశ్రమ హైదరాబాదుకు తరలి వచ్చేనాటికి ఈ మార్పు దాదాపు పూర్తయింది. అమీర్‌పేటలోని సారథీ స్టూడియోను విడిచిపెడితే, ఇక్కడి పెద్ద స్టూడియోలు 1970లలోనూ, ఆ తరువాతనూ వచ్చినవే. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో, అదే కాలంలో నాచారంలో రామారావుగారి రామకృష్ణా స్టూడియో, అటుపైన కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో వచ్చాయి. ఇవి ప్రధానంగా అంతస్తులు అద్దెకిచ్చే సంస్థలు. లోపల పనిచేసే వందమందికి అన్నం పెట్టేది స్టూడియో కాదు, ఆ చిత్రం తీస్తున్న నిర్మాత. ఆ నిర్మాతకూ వారితో సంబంధం ఆ చిత్రం వరకే. బొమ్మ విడుదలైన మరునాడు ఆఫీసు తలుపుకు తాళం.

అంటే పనివాడు ఉన్నాడు, పని ఉంది, పని చెప్పేవాడు ఉన్నాడు. నిలిచి ఉండే యజమాని మాత్రం మాయమయ్యాడు. మద్రాసులో ఒక సంస్థ ఉద్యోగిగా ఉన్నవాడు హైదరాబాదులో పదిమంది నిర్మాతల దగ్గర పదిసార్లు పనిచేసేవాడయ్యాడు. చేసే పని అదే, చేతిలో ఒడుపు అదే. కాగితం మీద మాత్రం మనిషి మారిపోయాడు.

* * *

ఈ మార్పును చట్టం ఎలా చూడాలి? దానికి జవాబు సినిమాకు బయట, ఇతర వృత్తుల వివాదాలలో తయారవుతూ వచ్చింది. కొంచెం వెనక్కు వెళ్ళి ఆ దారి చూద్దాం.

యజమాని – సేవకుడు అన్న సంబంధానికి ఇంగ్లండు న్యాయస్థానాలు చెప్పిన ప్రసిద్ధమైన గీటురాయి 1880 నాటి యూవెన్స్ – నోక్స్ వివాదంలో బయటపడింది. విశేషమేమిటంటే అదీ పన్ను తగాదాయే. ఒక వ్యాపార భవనంలో కాపలాకోసం కాపురముంటున్న గుమాస్తాను 'సేవకుడు' అనవచ్చునా, అనగలిగితే ఆ ఇంటికి పన్ను మినహాయింపు ఉంటుందా అన్నది ప్రశ్న. ఏ పని చేయాలో చెప్పడమే కాక, ఆ పనిని ఏ తీరున చేయాలో కూడా యజమాని ఆజ్ఞాపించగలిగితే అతడు సేవకుడు అని న్యాయమూర్తి బ్రామ్‌వెల్ నిర్వచించారు. ఆ గుమాస్తా అటువంటివాడు కాదని తేలి మినహాయింపు పోయింది. 'అదుపు' అనే ఈ గీటురాయి అక్కడినుండి మన దేశానికీ వచ్చింది.

నటులకు ఈ గీటురాయి సరిగా అతకదని 1931లో తెలిసింది. లిలియన్ బ్రెయిత్‌వెయిట్ అనే రంగస్థల నటీమణి నాటకాలలో, సినిమాలలో, రేడియోలో పనిచేసేవారు. అమెరికాలో ఆడిన ఒక నాటకానికి వచ్చిన డబ్బు ఆ దేశంలోని ప్రత్యేకమైన ఉద్యోగం తాలూకుదనీ, కాబట్టి ఇంగ్లండుకు తెచ్చుకున్నంత మేరకే పన్ను వేయాలనీ ఆమె వాదన. అంటే ఆవిడ తనను తాను ఉద్యోగిననే చెప్పుకున్నారు. న్యాయమూర్తి రౌలట్ ఒప్పుకోలేదు. ఇటువంటి నటికి ఒక్కొక్క ఒప్పందమూ ఒక్కొక్క ఉద్యోగం కాదు, అన్నీ కలిసి ఆమె వృత్తి అన్నారు. ఒప్పందాన్ని విడిగా పట్టుకుని చూడకూడదు, మనిషి బ్రతుకుతెరువును మొత్తంగా చూడాలి అన్న ఆలోచనకు ఈ తీర్పు గట్టి పునాది.

ఐతే నటులూ నర్తకులూ అందరూ వృత్తిదారులేనని దీని అర్థం కాదు. 1970ల మొదట్లో ఒక బాలే నర్తకుడి విషయంలో అదే దేశపు న్యాయస్థానం అందుకు విరుద్ధమైన ఫలితానికి వచ్చింది. అతడు ఒకే నృత్యసంస్థకు వారపు జీతం మీద, పూర్తికాలం పనిచేస్తున్నాడు కనుక ఉద్యోగియే అన్నది. మన విజయావారి నెలజీతపు నటులను ఆ నర్తకుడి పక్కనా, తరువాతి కాలపు స్వేచ్ఛా తారలను బ్రెయిత్‌వెయిట్ పక్కనా కూర్చోబెడితే సరిపోతుంది. కళ ఒకటే, ఒప్పందాలు వేరు.

ఇక మన నేలకు వద్దాం. హైదరాబాదులో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి డి.బి.ఆర్. మిల్లు, అంటే దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు, పాత నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. ఆ మిల్లు వ్యవహారాలు చూడడానికి లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ అండ్ సన్ అనే సంస్థ దీర్ఘకాల ఒప్పందం మీద ఏజెంట్లుగా ఉండేది. వారికి వచ్చే ప్రతిఫలం మీద నిజాం ప్రభుత్వపు అదనపు లాభాల పన్ను పడుతుందా పడదా అన్నది తగవు. మేము మిల్లుకు సేవకులమే, మాది వ్యాపారం కాదు అని వారన్నారు. ఈ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళి 1954లో తేలింది. న్యాయమూర్తి ఎన్.హెచ్.భగవతి సేవకుడు, ఏజెంటు, స్వతంత్ర కాంట్రాక్టరు అనే మూడు రకాలనూ విడదీసి చూపారు. డైరెక్టర్ల పర్యవేక్షణ ఉన్నంత మాత్రాన సేవకుడైపోడనీ, వారు నిరంతరంగా చేస్తున్నది వ్యాపారమేననీ తేల్చారు. పన్ను పడింది.

1956 చివర, అదే న్యాయమూర్తి ముందుకు సౌరాష్ట్ర ఉప్పుమళ్ళ పనివారి వివాదం వచ్చింది. అగరియాలనే ఈ పనివారు మడి గుత్తకు తీసుకున్నట్టు పనిచేస్తారు. కుటుంబాన్నీ, కూలీలనూ తామే తెచ్చుకుంటారు. పండిన ఉప్పు తూకానికి డబ్బు. పైకి చూస్తే పక్కా గుత్త. ఐనా కంపెనీ వారి పనిని అడుగడుగునా అదుపు చేస్తున్నది కనుక వారు కార్మికులేనని కోర్టు చెప్పింది. మిల్లు ఏజెంట్లు సేవకులమన్నారు, కాదన్నారు. ఉప్పు కూలీలను కంపెనీ కాంట్రాక్టర్లన్నది, కాదన్నారు. రెండుచోట్లా పేరు ఓడింది, పని తీరు గెలిచింది.

మూడవది మనకు మరీ దగ్గరిది. తెలంగాణా ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం కింద పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వివాదం. 1973లో తీర్పు వచ్చింది. దర్జీలకు చొక్కాకు ఇంత, ప్యాంటుకు ఇంత అని లెక్క. వేళకు రావాలన్న నిర్బంధం లేదు. అవసరమైతే గుడ్డ ఇంటికి తీసుకుపోయి కుట్టవచ్చు. ఇంకో దుకాణానికి కుట్టినా అడిగేవాడు లేడు. కాబట్టి వీరు ఉద్యోగులు కారని దుకాణదారుల వాదం. న్యాయమూర్తి కె.కె.మాథ్యూ ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పారు. నైపుణ్యం గల పనిలో 'ఎలా చేయాలో' యజమాని చెప్పలేడు, దర్జీకి కుట్టు నేర్పేది దుకాణదారు కాదు. కనుక అదుపు ఒక్కటే గీటురాయి కాజాలదు. కుట్టుమిషను ఎవరిది? కుట్టింది నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే హక్కు ఎవరిది? చెప్పినట్టు చేయకపోతే రేపటినుండి పని ఇవ్వకుండా పోయే శక్తి ఎవరిది? ఇవన్నీ కలిపి చూసి దర్జీలను ఉద్యోగులన్నారు.

ఈ తీర్పును ఫిల్మ్‌నగర్ కళ్ళద్దాలతో ఒకసారి చదవండి. కాస్ట్యూమ్స్ విభాగంలోని దర్జీకి ఇది నేరుగా వర్తిస్తుందన్నది సరే. కెమెరా సహాయకుడి మాటేమిటి? కెమెరా నిర్మాత అద్దెకు తెచ్చింది. షాటు నచ్చకపోతే మళ్ళీ తీయమనేది దర్శకుడు. రేపు రావద్దనేది ప్రొడక్షన్ మేనేజరు. కానీ ఈ ప్రశ్నలు ఎవరైనా అడగక ముందే అతని స్థితి మరో దారిలో తేలిపోయింది.

* * *

ఆ దారి నల్లధనం మీద పోరాటంగా మొదలైంది. 1970లలో సినిమా రంగంలోని లెక్కలేని చెల్లింపుల మీద ప్రభుత్వం కన్ను పడింది. 1976 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రతి నిర్మాతా, చిత్రంలో తాను పనిలో పెట్టుకున్న ఒక్కొక్కరికీ నిర్ణీత మొత్తం మించి చెల్లించిన డబ్బుల పట్టికను ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి. అదే సవరణలో వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలైన వృత్తులవారు లెక్కల పుస్తకాలు ఉంచాలన్న నిబంధనా వచ్చింది. 1977 జనవరిలో ఆ వృత్తుల వరుసలోకి 'ఫిల్మ్ ఆర్టిస్టు'ను ప్రకటన ద్వారా చేర్చారు.

ఫిల్మ్ ఆర్టిస్టు అంటే ఎవరు? నియమావళిలో జాబితా ఇచ్చారు. నటుడు, కెమెరామన్, దర్శకుడు, సంగీత దర్శకుడు, కళాదర్శకుడు, నృత్యదర్శకుడు, ఎడిటరు, గాయకుడు, పాటల రచయిత, కథారచయిత, స్క్రీన్‌ప్లే రచయిత, సంభాషణల రచయిత, దుస్తుల రూపకర్త. అంతవరకు బాగానే ఉంది. ఐతే దర్శకుడు అన్నచోట 'సహాయ దర్శకునితో సహా' అని ఉంది. సంగీత, కళా, నృత్య దర్శకుల సహాయకులకూ అదే మాట వర్తించింది. మేకప్ కళాకారుడి పేరు ఆ జాబితాలో లేదు. ఫైట్ మాస్టరు పేరు లేదు. లైట్‌మన్ సంగతి చెప్పనే అక్కరలేదు.

చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, పగలు క్లాప్‌బోర్డు పట్టుకుని, రాత్రి మరుసటి రోజు సీను కాగితాలు సర్దే కుర్రవాడు ఈ జాబితా ప్రకారం శస్త్రవైద్యుడితో, హైకోర్టు న్యాయవాదితో సమానమైన వృత్తి నిపుణుడు! దశాబ్దాల అనుభవమున్న మేకప్‌మన్‌కు ఆ గౌరవం లేదు.

ఈ జాబితాకు ముందు ఒక చిన్న షరతు ఉంది. చాలామంది కళ్ళు దానిని దాటి పోతాయి. చిత్ర నిర్మాణంలో 'తన వృత్తిపరమైన హోదాలో' పనిచేసే వ్యక్తి అని ఆ నిర్వచనం మొదలవుతుంది. అంటే, అతడు వృత్తిదారుగా వచ్చాడా లేక ఉద్యోగిగా వచ్చాడా అన్నది ముందే తేలి ఉండాలి. తేలిన తరువాతనే జాబితా. జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగి వృత్తిదారు అయిపోడు. దర్జీల తీర్పులోని ప్రశ్నలు అడగవలసిన తావు సరిగ్గా ఇదే. ఆచారంలో మాత్రం జాబితాయే జవాబైంది.

1995 జూలై నుండి ఆ జవాబు డబ్బు రూపం దాల్చింది. వృత్తి రుసుముల నుండి మూలంలోనే పన్ను కోసే నిబంధన, 194జె సెక్షను, అప్పుడే వచ్చింది. అంతకు ముందునుండీ, 1972 నుండి, కాంట్రాక్టు చెల్లింపుల మీద 194సి ఉంది. జీతాలకు 192 సరేసరి. నిర్మాత ఆఫీసులోని గుమాస్తా ముందు మూడు గదులున్నాయి. జీతం గదిలో పెడితే ఏడాది మొత్తం ఆదాయం అంచనా కట్టాలి, ఉద్యోగి మినహాయింపులు లెక్క చూడాలి, ఆ వెనుకనే భవిష్యనిధి తదితర ప్రశ్నలు తలెత్తుతాయి. వృత్తి గదిలో పెడితే పదిశాతం కోసి కట్టేస్తే పని అయిపోతుంది. కాంట్రాక్టు గది మరీ తేలిక. వ్యక్తికైతే ఒక శాతం, సంస్థకైతే రెండు. ఏ గది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. ఏడాది చివర జీతగానికి ఫారం 16 ఇచ్చేవారు, మిగిలినవారికి 16ఏ. మనిషి స్థితికి ఆ ఒక్క అక్షరమే తేడా.

* * *

దీనివల్ల నష్టపోయింది ఎవరు అని అడిగితే, తొందరపడి జవాబు చెప్పరాదు. చిన్న లెక్క చూద్దాం.

ఒక సహాయ దర్శకుడికి నెలకు 25,000 రూపాయలు, ఏడాదికి 3,00,000 అనుకుందాం. 2025–26 లెక్కల సంవత్సరంలో కొత్త పద్ధతిలో 4,00,000 దాకా పన్నే లేదు. ఇది జీతమైతే నెలనెలా పూర్తి డబ్బు చేతికి వస్తుంది. వృత్తి రుసుము అని పేరు పెడితే పదిశాతం చొప్పున 30,000 కోతపడుతుంది. రిటర్ను దాఖలు చేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది, చేయకపోతే పోయినట్టే. ఎలా దాఖలు చేయాలో చెప్పే దిక్కులేని కుర్రవాడికి నెలకు పైగా సంపాదన అక్కడ చిక్కుకుంటుంది.

కొంచెం పైకి వెళితే కథ తిరగబడుతుంది. ఏడాదికి ముప్ఫై లక్షలు తెచ్చుకునే ఎడిటరుకు వృత్తిదారు స్థితి వరమే. 2016–17 నుండి ఉన్న సౌకర్యం ప్రకారం 50 లక్షల లోపు రాబడి గల ఇటువంటి వృత్తిదారు సగం రాబడినే ఆదాయంగా చూపించి, లెక్కల పుస్తకాల బాధ లేకుండా పన్ను కట్టవచ్చు. జీతగానికి అదే కొత్త పద్ధతిలో ప్రామాణిక తగ్గింపు 75,000 మాత్రమే. కాకపోతే 20 లక్షలు దాటితే వస్తుసేవల పన్ను నమోదు తప్పదు. పారితోషికం మీద 18 శాతం వసూలు చేసి కట్టవలసిన బాధ్యత మీద పడుతుంది. పెద్ద నటీనటులకు వారి ఆడిటర్లు ఉంటారు. ఆ స్థాయిలో ఇది సమస్యే కాదు.

కనుక పన్ను దగ్గర మాత్రమే చూస్తే అన్యాయం కొద్దిగా, అదీ అడుగువారికి. అసలు నష్టం పన్నుకు అవతల ఉంది. 2014 సెప్టెంబరు నుండి వచ్చిన 15,000 రూపాయల వేతన పరిమితి మీద భవిష్యనిధికి యజమాని వాటా నెలకు 1,800, ఏడాదికి 21,600. ముప్ఫై ఏళ్ళ పనికి అది వడ్డీతో ఎంతవుతుందో చదువరులే లెక్కకట్టుకోవచ్చు. గ్రాట్యుటీ, సెలవు, ప్రమాదం జరిగితే పరిహారం, ఇవన్నీ 'ఉద్యోగి' అనే మాటకు కట్టిన మూటలు. నలభై అడుగుల ఎత్తు మెట్టు మీదనుండి పడిన మనిషి ఎవరి మనిషి అన్న ప్రశ్న ఆ రోజున వస్తుంది. ఆ రోజున బయటకు తీసే మొదటి కాగితం అతనికి ఏ సెక్షను కింద డబ్బు చెల్లించారన్నదే కావచ్చు. పన్నుకోసం పెట్టిన పేరు చట్టం దృష్టిలో తుది మాట కాదు. కానీ కాదని నిరూపించుకునే భారం మాత్రం మంచాన పడ్డవాడిదే.

* * *

కార్మిక చట్టం ఈ సంగతి ఎరగక కాదు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల, సినిమా థియేటర్ల కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం చేసింది. అందులో సినీ కార్మికుడి నిర్వచనం చాలా విశాలమైనది. నేరుగా గాని కాంట్రాక్టరు ద్వారా గాని నియమింపబడిన వ్యక్తి, నటుడు, వాద్యకారుడు, నర్తకుడు, శారీరకమైన, సాంకేతికమైన, కళాత్మకమైన ఏ పని చేసేవాడైనా సరే. లిఖిత ఒప్పందం లేనిదే పనిలో పెట్టుకోరాదన్నది. మూడు కథాచిత్రాలకైనా పనిచేసినవారికి, నిర్మాతలు వేరువేరు అయినా, భవిష్యనిధి చట్టం వర్తిస్తుందన్నది. నిలకడగల యజమాని లేని రంగంలో హక్కు యజమానితో కాక మనిషితో నడవాలన్న ఎరుక ఆ ఒక్క వాక్యంలో ఉంది. దూరదృష్టి గల ఆలోచన అని ఒప్పుకోవాలి.

ఐతే ఆ చట్టం గుమ్మానికి ఒక అంకె కట్టారు. నెలజీతమైతే 1,600 రూపాయలు, మొత్తం గుత్త అయితే 15,000, అంతకు మించి తీసుకునేవారు కార్మికులు కారు. 1981లో అది సబబైన అంకె కావచ్చు. అంకెలు ధరలతోపాటు పెరగవు, ఎవరైనా పెంచాలి.

చూశారా, ఎంత చిత్రమో! పన్ను నియమం మనిషి చేసే పని పేరును చూసింది. కార్మిక చట్టం అతని చేతికి వచ్చే మొత్తాన్ని చూసింది. నిజాం కాలపు మిల్లు ఏజెంట్ల విషయంలో, ఉప్పు కూలీల విషయంలో, దర్జీల విషయంలో కోర్టులు చూసిన అసలు సంగతి, ఎవరు ఎవరిమీద ఆధారపడి ఉన్నారు అన్నది, రెండిటికీ నడుమ జారిపోయింది.

ఇతర దేశాలలో ఏం చేశారు? హాలీవుడ్‌లో చిత్రబృందంలోని సామాన్య సాంకేతికుడు రెండురోజులే పనిచేసినా సాధారణంగా ఉద్యోగిగానే లెక్క. వేతనాల లెక్క చూసే ప్రత్యేక సంస్థలు ఆ రెండురోజుల జీతం నుండే పన్నూ, సామాజిక భద్రత వాటా కోసి కడతాయి. అక్కడి పన్ను శాఖ ప్రవర్తన మీద అదుపు, డబ్బు మీద అదుపు, ఇద్దరి సంబంధం తీరు అనే మూడు కోణాలనుండి చూస్తుంది. పెద్ద తారలు మాత్రం స్వంత కంపెనీలు పెట్టుకుని వాటి ద్వారా తమ సేవలను అద్దెకిస్తారు. బ్రిటన్‌లో పన్ను శాఖ సినిమా, టీవీ పనులను ఒక్కొక్కటిగా విడదీసి, ఏ పనివారిని ఏ షరతుల మీద స్వతంత్రులుగా ఒప్పుకుంటారో ప్రకటిస్తుంది. అదీ జాబితాయే. కాని స్వంత పరికరాలు తెచ్చుకుంటే, విభాగానికి బాధ్యత తనదైతే, అని షరతులు పక్కనే ఉంటాయి. జాబితాతో ఏకీభవించనివాడు వాదించుకోవచ్చు కూడా. లోరిమర్ అనే టీవీ సాంకేతికుడి విషయంలో 1993లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది గుర్తుంచుకోదగినది. అతనికి స్వంత పరికరమే లేదు, స్టూడియోలన్నీ కంపెనీలవే. ఐనా అనేక కంపెనీలకు ఒకటి రెండు రోజుల పనులు చేస్తూ, పనులు తానే వెతుక్కుంటూ, బాకీలు మునిగే ప్రమాదం తానే మోస్తున్నాడు కనుక స్వతంత్రుడే అన్నది. లక్షణాల పట్టికకు టిక్కులు పెట్టుకుంటూ పోతే నిజం దొరకదు, అన్నీ కలిపి ఒక చిత్రంగా చూడాలి అన్నది ఆ తీర్పు సారాంశం. మన సుప్రీంకోర్టు కూడా 2020లో ఒక వైద్యుడి ఒప్పందం విషయంలో ఈ తీర్పులన్నిటినీ మళ్ళీ తిరగేసి, ఏ ఒక్క గీటురాయీ అన్నిచోట్లా పనిచేయదనే చెప్పింది.

* * *

2025 ఆగస్టులో తెలుగు సినిమా షూటింగులు ఆగిపోయాయి. ఇరవైనాలుగు శాఖల సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరింది. పద్ధెనిమిది రోజుల తరువాత కార్మికశాఖ మధ్యవర్తిత్వంలో మూడేళ్ళలో మొత్తం 22.5 శాతం పెంపుకు ఒప్పందం కుదిరింది. పత్రికలన్నీ ఎవరికెంత పెరిగిందన్నదే రాశాయి. నాకు మాత్రం అంతకన్న ఆసక్తికరంగా తోచింది ఆ చర్చ జరిగిన తీరు. సమాఖ్య అడిగింది వేతనం, రుసుము కాదు. నిర్మాతలు బేరమాడింది రోజుకు ఇంత, పనిగంటలకు ఇంత అని. మధ్యకు వచ్చింది కార్మిక కమిషనరు. స్వతంత్ర వృత్తి నిపుణులకూ వారి ఖాతాదారులకూ నడుమ తగవు వస్తే కార్మిక కమిషనరు రారు. అంటే ఆ పద్ధెనిమిది రోజులూ పరిశ్రమలోని రెండు పక్షాలూ, ప్రభుత్వమూ కలిసి ఒక నిజాన్ని ఒప్పుకున్నాయి – వీరిలో అత్యధికులు కూలికి పనిచేసే మనుషులని. షూటింగులు మొదలైన నాటినుండి చెల్లింపులు మళ్ళీ పాత గదుల్లోకే వెళ్ళి ఉంటాయి.

ఆ ఏడాదే నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1981 నాటి సినీ కార్మికుల చట్టం వాటిలో కలిసిపోయింది. సినిమాతోపాటు టీవీ, డిజిటల్ పనివారిని కూడా కలిపి 'దృశ్య శ్రవణ కార్మికులు' అన్నారు. పని స్వభావం, వేతనం, భవిష్యనిధి వంటివి రాసిన ఒప్పందం ఉండాలనీ, దానిని నమోదు చేయించాలనీ అందులో ఉంది. ఎంత ఆదాయం వరకు కార్మికుడన్న పరిమితిని చట్టంలో బిగించక, ప్రభుత్వ ప్రకటనకు వదిలారు. ఇది మంచి మార్పు, పెంచవలసినవారు పెంచితే. పన్ను వైపున 1961 చట్టం స్థానంలో 2025 నాటి చట్టాన్ని 2026 ఏప్రిల్ 1నుండి నిలిపారు. సెక్షన్ల సంఖ్యలు మారాయి. జీతమా, రుసుమా అన్న ప్రశ్న అలాగే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కావలసినవన్నీ మన దగ్గర ఉన్నాయి. పరికరం ఎవరిది, వేళ ఎవరిది, తన బదులు ఇంకొకరిని పంపగలడా, నష్టం వస్తే మోసేది ఎవరు, రేపు రావద్దనగలిగేది ఎవరు, ఏడాదిలో ఎందరి దగ్గర పనిచేశాడు. ఈ అరడజను ప్రశ్నలకు జవాబు లిఖిత ఒప్పందంలో ఒక పుటలో పట్టేస్తుంది. కథానాయకుడూ, ఛాయాగ్రాహకుడూ, పాటల రచయితా ఆ ప్రశ్నలకు తడుముకోకుండా వృత్తిదారులుగా తేలుతారు. లైటు యూనిట్లు అద్దెకిచ్చే ఆసామి నిక్షేపంగా గుత్తదారే. ఆయన కింద మెట్టెక్కే మనిషి మాత్రం గుత్తదారు కాడు, ఆయన కూలి. క్లాప్ కొట్టే కుర్రవాడు ఏడాదంతా ఒకే ఆఫీసుకు, ఒకే దర్శకుడి వెంట, నెలకింత అని పనిచేస్తే, జాబితాలో ఏమున్నా అతడు చేసేది కొలువే. ఆ ఒప్పందం పుటను పూర్తిచేసి, సంతకం పెట్టి, ఒక ప్రతి ఆ కుర్రవాడి చేతికివ్వడం నిర్మాతకు ఒక్క రోజు బేటా ఖర్చు కూడా కాదు.